ఉదయపు పని

నఫ్తా, 8 ఫిబ్రవరి 1982

పరమ కరుణామయుడైన అల్లా పేరుతో.

ట్యూనిస్ నగరమందు పిల్లల వార్డులో నర్సుగా పనిచేయుచున్న గౌరవనీయురాలు సాల్హాకు, ఆమె తమ్ముడు లజ్‌హర్ భార్య జాజియా సలాములతో వ్రాయించునది.

మేము బాగున్నాము. లజ్‌హర్ మీ ఆసుపత్రి నుండి ఇంటికి చేరి నేటికి పదునెనిమిది దినములు. చక్రాల కుర్చీ గుమ్మము దాటుట లేదు గనుక గడప పీకించితిమి. చేతులలో బలము అట్లే ఉన్నది. రొమ్ము క్రింది నుండి మాత్రము నిప్పు పెట్టినను తెలియదు, అది మీరెరిగినదే. ఆయన పడిన ఆ ఖర్జూరపు చెట్టు వంక చూచుట మానితిమి.

ఒక చిన్న సంగతి. ఆయనకు ఉదర సంబంధమైన స్వల్ప అస్వస్థత కలిగినది. అనగా కొంచెము జారుడు. తనకు తెలియకుండనే దుస్తులు పాడగుచున్నవి. నిలుపుటకు ఏమి ఇవ్వవలెనో తెలుపగలరు.

ఇట్లు మీ మరదలు జాజియా.

వ్రాసినది కిరాణా కొట్టు తిజానీ. అమ్మాయీ, మీ నాన్న నా ప్రాణమిత్రుడు. నేనుండగా వీళ్లకు ఏ లోటూ రాదు. ఈసారి వచ్చేటప్పుడు నా మోకాళ్లకు పట్టీలు తే.


ట్యూనిస్, 14 ఫిబ్రవరి

జాజియా,

ఇది నీకు తిజానీ పెదనాన్నే చదివి వినిపిస్తాడు కాబట్టి ముందు ఆయనకి సలాం. పెదనాన్నా, పట్టీలు కొన్నాను.

ఇక్కడ వారం నుంచి ఒకటే వాన. మా వార్డులో తట్టు వచ్చిన పిల్లలు పదహారు మంది. మంచానికి ఇద్దరేసి పడుకోబెడుతున్నాం. నిన్న ఒకడు నా టోపీ ఎత్తుకుపోయి అందులో సూపు పోయించుకున్నాడు. నవ్వాలో కొట్టాలో తెలియలేదు.

తమ్ముడికి రెండు రోజులు గంజి పట్టు. చిన్నప్పుడు మాకు జారుడైతే అమ్మ ఎండిన దానిమ్మ తొక్క కాచి ఇచ్చేది, అదీ ఇవ్వచ్చు. కానీ ఒక్క మాట చెప్పు. వాడి ఉదయపు పని సరిగ్గా జరుగుతోందా? వేళ తప్పకుండా? అది జరుగుతుంటే మిగతా దేనికీ కంగారు పడక్కర్లేదు. నేను దేని గురించి అంటున్నానో నీకు తెలిసే ఉంటుంది. ఇంతకంటే విడమరిచి రాయలేను.

వాణ్ణి కాస్త మాట్లాడించు. వాడు నోరు మూసుకున్నాడంటే ఏదో దాస్తున్నాడన్నమాటే, చిన్నప్పటి నుంచీ అంతే.

నీ వదిన సాల్హా


నఫ్తా, 21 ఫిబ్రవరి

అల్లా పేరుతో.

వదినగారికి జాజియా సలాములు.

ఉదయపు పని గురించి మీరు అడిగినందుకు మేమందరము సంతోషించితిమి (నాకైతే కళ్లు చెమర్చినవి — తిజానీ). ఇంత కష్టములోను మీ తమ్ముడు దానిని ఒక్కనాడును విడువలేదు. తెల్లవారకమునుపే, మంచము మీదనే, కళ్లు మూసుకొని, పెదవులు కదుపుచు పూర్తిచేయుచున్నాడు. ఎవరి సాయమును అక్కరలేదనుచున్నాడు.

దానిమ్మ తొక్క కషాయము ఐదు దినములుగా పూటపూటకు ఇచ్చుచున్నాము. జారుడు కొంత తగ్గినది గాని బొట్టుబొట్టుగా కారుట ఆగలేదు. కడుపు డోలు వలె ఉన్నది. అరరొట్టె కూడ తినుట లేదు. మొన్నటి నుండి తలనొప్పి యనుచున్నాడు. ఈ చలిలోను ముఖము ఎర్రబడి నుదుట చెమట పట్టుచున్నది. ఇది దిష్టి యని నిశ్చయించి తావీజు కట్టించితిమి.

ఇట్లు జాజియా.

వదినా ఇది నేనే రాస్తున్నా పెన్సిలుతో. పెదనాన్న బేరానికి లేచాడు. మీ తమ్ముడు నన్ను గదిలోకి రానివ్వడం లేదు. నాకు బయంగా ఉంది.


ట్యూనిస్, 27 ఫిబ్రవరి

తిజానీ పెదనాన్నా, ఇక్కడితో ఆపి, రెండో కాగితం మడత విప్పకుండా జాజియా చేతికి ఇవ్వండి. ఆడవాళ్ల సంగతి.

జాజియా,

తలుపు గడియ పెట్టుకుని చదువు. నువ్వు నాలుగో తరగతి దాకా చదివావు, నిదానంగా చదివితే అన్నీ అర్థమవుతాయి.

నేనడిగింది నమాజు గురించి కాదే తల్లీ! మలవిసర్జన గురించి. వెన్నుపాము తెగిన మనిషికి పేగు నిండిన సంగతి తెలియదు. రోజు మార్చి రోజు పొద్దున, వేడిగా ఏదైనా తాగిన అరగంటకి, కిందినుంచి మందు గుళిక పెట్టి, వేలితో మెల్లగా తిప్పి, దాన్ని బయటికి రప్పించాలి. ఆస్పత్రిలో మగ నర్సులు వాడికి నేర్పారు. గుళికలూ గ్లౌజులూ ఇచ్చి పంపారు. నీకు కూడా నేర్పుతానంటే, “జాజియాకి చెప్పావంటే నిన్ను అక్కా అని పిలవను. నా పని నేనే చేసుకుంటా” అన్నాడు. సరే అన్నాను. ఇంటికెళ్లాక వాడే చెప్పుకుంటాడులే అనుకున్నాను.

నీ ఉత్తరం పట్టుకుని వెన్ను వార్డు పెద్ద నర్సు షాద్లియా గారి దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ చదివి, కళ్లజోడు తీసి, “నువ్వసలు నర్సువేనా?” అంది. “ఇవి విరేచనాలా? లోపల మలం గట్టిపడి బిరడాలా దిగింది. పైనుంచి వచ్చే నీళ్లు దాని పక్కలనుంచి కారుతున్నాయి. మీరు దానిమ్మ తొక్క పోసి ఇంకా బిగించారు.” నేను చెప్పిన మందే అది. నా చేత్తో నేనే వాడికి విషం రాసి పంపినట్టయింది. ముందు ఆ కషాయం పారబొయ్యి.

ఆవిడ అడిగినవి ఇవి. గట్టిగా ముద్దలా పడి ఎన్ని రోజులైంది? కారేది నీళ్లలాగే ఉందా, రక్తం కనిపిస్తోందా? పొట్ట ఎడమవైపు కింద నొక్కితే గడ్డలా తగులుతోందా? వాంతులున్నాయా? నీళ్లెన్ని తాగుతున్నాడు? ఒక్కోదానికి జవాబు రాయి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైంది. ఆ తలనొప్పి దిష్టి కాదు. పేగు గానీ మూత్రసంచి గానీ నిండితే, నొప్పని చెప్పుకోలేని ఒళ్లు రక్తపోటును పైకి తోసేస్తుంది. తల పగిలేంత నొప్పి వచ్చి మొహం ఎర్రబడి చెమటలు పోశాయంటే, ఎవరేమన్నా సరే వాణ్ణి పడుకోబెట్టకు. నిటారుగా కూచోబెట్టి కాళ్లు కిందికి వేలాడెయ్యి. నడుము దగ్గరా మెడ దగ్గరా బిగుతు తియ్యి. మూత్రపు గొట్టం ఎక్కడైనా మెలిపడిందేమో చూడు. దవాఖానా మనిషిని పిలిపించు. తిమ్మిరెక్కించే మందు లోపల పూసి, కాసేపు ఆగి, అప్పుడు మాత్రమే వేలు పెట్టాలి. తొందరపడితే రక్తపోటు ఇంకా పెరిగి తలలో నరం చిట్లిపోవచ్చు. నిన్ను భయపెట్టడానికి రాయడం లేదు. నేను భయపడుతూ రాస్తున్నాను.

ఒక్కటి మాత్రం అడక్కుండా ఉండలేను. ఇన్ని వారాలు ఆ బట్టలు ఉతుకుతూ, ఒక్కసారి వాడి పొట్ట మీద చెయ్యి వేసి చూడాలనిపించలేదా నీకు? రానివ్వడం లేదు అంటావు. నీకంత అసహ్యమా?

సాల్హా


నఫ్తా, 28 ఫిబ్రవరి

వదినకి జాజియా,

మీ జవాబు రాలేదు. ఆగలేక నేనే రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి. ఈ సంగతి తిజానీ పెదనాన్నతో రాయించేది కాదు. పోస్టాఫీసు ఫోనులో చెబుదామంటే సగం ఊరు అక్కడే నిలబడి ఉంటుంది.

మీ తమ్ముడు చచ్చిపోవాలనుకుంటున్నాడు.

నాలుగు రోజులుగా రొట్టె ముట్టలేదు. కుస్కుస్ నూక పెడితే మా పిల్ల వైపు తోసేస్తున్నాడు. నీళ్లు కూడా లెక్కపెట్టినట్టు రెండు గుక్కలు. ఎందుకు తినవు అంటే, “తింటే మళ్లీ కిందికేగా పోయేది” అంటాడు. దుప్పటి మార్చబోతే నా చెయ్యి విసిరికొట్టాడు. “ఇవతలికి రాకు, వాసనొస్తుంది. నా కూతురి ముందు నన్ను కడగాలని చూస్తున్నావా?” అన్నాడు. ఆ అరుపుకి పిల్ల దడుచుకుని నా వెనక దాక్కుంది.

నిన్న ఆయన కుర్చీలో ఉన్నప్పుడు పరుపు ఎండలో వేద్దామని ఎత్తాను. అడుగున ఒక డబ్బా. అందులో వెండి కాగితంలో చుట్టిన తూటాల్లాంటివి ఇరవై నాలుగు. ఒక్కటి కూడా విప్పలేదు. పక్కనే పల్చటి రబ్బరు గ్లౌజులు. విషం ముట్టుకునేవాళ్లు తొడుక్కునేవి, తోటల్లో పురుగుమందు కొట్టేవాళ్ల దగ్గర చూశాను. ఎక్కడివి అని అడిగితే మొహం గోడకి తిప్పుకుని, “నీకు సంబంధం లేదు. ఉన్నచోట పెట్టు” అన్నాడు.

పెట్టలేదు వదినా. తీసుకెళ్లి కాలవలో పారేశాను. గ్లౌజులు కూడా. కత్తులు, తాళ్లు అన్నీ పక్కింట్లో దాచాను. రాత్రుళ్లు ఊపిరి ఆడుతోందా లేదా అని తలుపు సందులోంచి వింటున్నాను. ఆయనకి అవి ఎవరిచ్చారో మీకు తెలుసా? మీ ఆస్పత్రిలో ఎవరైనా అమ్మారా? ఇంకా ఎక్కడైనా దాచాడేమో అడిగి చెప్పండి.

జాజియా


తంతి. ట్యూనిస్, 4 మార్చి

అవి విషం కాదు మందు. నా 27 ఉత్తరంలో ఉన్నట్టు చెయ్యి. రేపు శుక్రవారం పది గంటలకి పోస్టాఫీసులో ఉండు. సాల్హా


నఫ్తా, 7 మార్చి

వదినా,

నిన్నా మొన్నా రాయలేకపోయాను. ఫోనులో నేను “అయిపోయింది వదినా, అంతా అయిపోయింది” అన్నాను. మీ వైపు నుంచి ఒక కేక వినిపించి లైను తెగింది. మళ్లీ కలిసేసరికి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలు మీరేమనుకున్నారో తర్వాత తెలిసింది. నేను చెప్పింది పని అయిపోయిందని. ఫోనులో చెప్పలేనివి ఇప్పుడు రాస్తాను.

మీ ఉత్తరం బుధవారం సాయంత్రం అందింది. రెండు సార్లు చదివాను. నేను కాలవలో పారేసిందేమిటో తెలిసింది. “నీకంత అసహ్యమా” దగ్గరికి వచ్చేసరికి కాగితం చింపేద్దామనుకున్నాను. చింపలేదు, అంతే. ఆయనతో పొద్దున మాట్లాడదాం, ఈ పూటకి నా వల్ల కాదు అనుకుని పడుకున్నాను. ఆ ఒక్క పూట ఎందుకు ఆగానా అని ఇప్పటికీ అనుకుంటున్నాను.

గురువారం పొద్దున రొట్టె కాలుస్తుంటే కేక. “జాజియా! తల... తల!” నెలలో మొదటిసారి నన్ను పిలవడం. వెళ్లేసరికి మొహం మిరపకాయ రంగు, నుదుటి మీద చెమట ధారలు. “కళ్ల ముందు మెరుపులొస్తున్నాయి, నేను చచ్చిపోతున్నా” అన్నాడు. చంకల్లో చేతులేసి లేపి కూచోబెట్టాను. ఎంత బరువో! కాళ్లు కిందికి లాగాను. నడికట్టు కోసేశాను. తావీజు కూడా తెంపేశాను, మెడకి బిగుతుగా ఉందని. గొట్టం చివరి దాకా తడిమి చూశాను, మెలి లేదు, మూత్రం వస్తూనే ఉంది. అంటే పేగే. పక్కింటామెను దవాఖానాకి పరిగెత్తించాను.

మౌల్దీ వచ్చాడు, ఇక్కడి దవాఖానా కాంపౌండరు. వెనకాలే తిజానీ పెదనాన్న, ఇంకో నలుగురు. మౌల్దీ ఆయన చేతికి రక్తపోటు పట్టీ చుట్టి, “ఇరవై రెండు! పన్నెండు ఉండాల్సింది. పక్షవాతం కొడుతోంది, పడుకోబెట్టండి!” అన్నాడు.

“పడుకోబెట్టకండి” అన్నాను.

“నువ్వు తప్పుకోమ్మా.”

“చంపినా తప్పుకోను. ఈయన్ని ఎవరు వాలిస్తే వాళ్ల చెయ్యి కొరుకుతాను.”

రవికలోంచి మీ ఉత్తరం తీసి అందరి ముందూ పైకి చదివాను వదినా. పేగు, మలం, వేలు, అన్నీ. తిజానీ పెదనాన్న రెండో మాటకే మిగతావాళ్లని బయటికి నెట్టి తనూ వెళ్లిపోయాడు. మౌల్దీ నా చేతిలోంచి కాగితం లాక్కుని తను చదువుకున్నాడు. చదివి, “మా పుస్తకంలో ఒక్కసారి చూశాను దీని గురించి” అన్నాడు. పళ్లు పీకేటప్పుడు వాడే తిమ్మిరి మందు జిగురు ఉందట, పరిగెత్తి తెచ్చాడు. గ్లౌజులూ తెచ్చాడు.

అప్పుడు మీ తమ్ముడు నా మణికట్టు పట్టుకున్నాడు. “నువ్వొద్దు. వాడు చేస్తాడు. నువ్వొద్దు జాజియా.”

“పట్టీ చూడ్డం నాకు రాదు. పట్టీ ఆయన చూడాలి. ఇంక మిగిలింది నేనే.”

“నా మొహం ఇంక నీకు చూపించలేను.”

“మొహం అటు తిప్పుకో.”

తిప్పుకోలేదు. కళ్లు మూసుకున్నాడు, అంతే.

తిమ్మిరి మందు పూసి మౌల్దీ చెప్పినంతసేపు ఆగాను. ఎన్ని నిమిషాలో తెలియదు, నాకు ఒక పగలంత. ఆ తర్వాత, రాళ్లు వదినా. మీరు ఊహించలేరు. కాస్త తీయగానే మౌల్దీ “ఆగు, పెరుగుతోంది” అనేవాడు. ఆగేదాన్ని. “ఊఁ, ఇప్పుడు.” మళ్లీ. ఇరవై రెండు, ఇరవై, ఇరవై ఒకటి, పద్ధెనిమిది. నేను పైకి లెక్కపెడుతున్నానో, దువా చదువుతున్నానో నాకే తెలియలేదు. పదమూడు అనగానే మీ తమ్ముడు పెద్దగా ఊపిరి వదిలి, “తలనొప్పి పోయింది” అన్నాడు. పసిపిల్లాడిలా అన్నాడు. నేను నేల మీద కూలబడి వాంతి చేసుకున్నాను. అసహ్యంతో కాదు, భయంతో. ఆ తేడా మీకు తెలియాలని రాస్తున్నాను.

షాద్లియా గారికి జవాబులు. గట్టిగా పడి ఆస్పత్రి వదిలిన నాటి నుంచీ ఎప్పుడూ లేదు, అంటే నలభై రోజుల పైనే. రక్తం ఒక చారిక. గడ్డ తగిలేది, ఇప్పుడు లేదు. వాంతులు లేవు. నీళ్లు రెండు గుక్కలు.

ఇప్పుడు నా మాట. మీరు అనడం నా వల్ల కావడం లేదు, నువ్వు అంటున్నా, కోపమొస్తే రానీ. నా మొగుడి ఒంట్లో ఏం జరుగుతుందో నీకూ ఆయనకీ తెలుసు, నాకు తెలియదు. తెలియనిదాన్ని గది బయట నిలబెట్టి, అసహ్యమా అని అడిగావు. ఇంకెప్పుడూ నాకు అలా రాయకు.

జాజియా


ట్యూనిస్, 12 మార్చి

జాజియా,

నువ్వు అనే పిలు. నేనే అడుగుదామనుకున్నాను.

నీ ఉత్తరం షాద్లియా గారికి చదివాను. ఆవిడ సగంలో లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది. పోయినేడు ఇలాంటి తలనొప్పి వచ్చిన కుర్రాణ్ణి ఇంట్లోవాళ్లు వెల్లకిలా పడుకోబెట్టి బండిలో తీసుకొచ్చారట. ఆవిడ అంతవరకే చెప్పింది. మిగతాది నేను అడగలేదు.

ఆ ఇరవై నిమిషాలూ నేను ఫోను గదిలో నేల మీద కూచున్నాను. లజ్‌హర్ పోయాడనే అనుకున్నాను. దానిమ్మ తొక్క అని రాసిన చెయ్యి నాది. తమ్ముడి పరువు కాపాడుతున్నాననుకుని నీ దగ్గర దాచింది నేను. తిజానీ పెదనాన్న ముందు ఒక మాట రాయడానికి సిగ్గుపడి ‘ఉదయపు పని’ అని రాసింది నేను. రోజుకి ఇరవై మంది పసివాళ్లని శుభ్రం చేసే దాన్ని, ఆ మాట రాయలేకపోయాను. అసహ్యమా అని నిన్ను అడగాల్సింది కాదు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

తట్టు పిల్లలు తగ్గారు. ఇరవయ్యో తారీకు నుంచి ఐదు రోజులు సెలవు దొరికింది. గుళికలు, గ్లౌజులు, జిగురు మందు తెస్తున్నాను. ఇద్దరం కలిసి చేద్దాం, తర్వాత నువ్వొక్కదానివే చేస్తుంటే నేను చూస్తాను. ఏ రోజు, ఏ వేళ, ఎంత, ఎలా వచ్చిందో ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకో. నేను వచ్చే దాకా పొద్దున్నే బార్లీ జావ, రోజుకి ఎనిమిది గ్లాసుల నీళ్లు. వాడు తాగనంటే నా పేరు చెప్పి తిట్టు.

నీ సాల్హా


నఫ్తా, 2 మే

వదినా,

నువ్వు వెళ్లాక ఇరవై సార్లు అయింది మా పని. నోటుబుక్కులో అన్నీ ఉన్నాయి. రెండు సార్లు మాత్రం ఏమీ రాలేదు, మర్నాటికి వచ్చింది. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి, కుడి నుంచి ఎడమకి పొట్ట రాస్తుంటే ఆయన ఏదో ఒకటి మాట్లాడతాడు. ఎక్కువగా తిజానీ పెదనాన్న తూకం గురించి. తిండి తింటున్నాడు. అయినా “తల...” అని ఊరికే గోక్కున్నా సరే నా చేతిలో గిన్నె జారిపోతోంది. అది పోయేలా లేదు.

అసలు సంగతి. నవంబరులో చెట్టు మీంచి పడ్డాక, పోయిన సోమవారం మొదటిసారి బజారుకి వెళ్లాడు. కాఫీ కొట్టు ముందు డామినోలు ఆడేవాళ్ల దగ్గర కూచున్నాడు. అరగంట కాలేదు, కుర్చీలోనే అయిపోయింది. తనకి తెలియలేదు. పక్కవాడు తన కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంటే తెలిసింది. ఎవరూ ఏమీ అనలేదట. అదే ఎక్కువ బాధ అన్నాడు.

ఇంటికొచ్చి గోడ వైపు తిరిగాడు. మళ్లీ ముద్ద ముట్టలేదు. మళ్లీ అదే దారి వదినా, తినకపోవడం, తాగకపోవడం, దాచుకోవడం.

“వాళ్లంతా చూశారు” అన్నాడు.

“చూస్తే చూశారు. నేను రోజు మార్చి రోజు చూస్తున్నా. నేనేమైనా పారిపోయానా?”

“నువ్వు వేరు.”

“అయితే వాళ్లూ నాలుగు సార్లు చూస్తే అలవాటు పడతారు.”

నవ్వలేదు. పళ్లెం కూడా ముట్టలేదు. నేనూ తినకుండా ఎదురుగా కూచున్నాను. ఎంతసేపటికో రొట్టె తుంచి హరీసా కారంలో అద్దాడు.

ఈ పొద్దున పని అయ్యాక నేను చేతులు కడుక్కుంటుంటే, “కుర్చీ తిప్పు” అన్నాడు.

“ఎక్కడికి?”

“బజారుకి.”

అడుగున రబ్బరు గుడ్డ వేశాను, పైన బట్ట మందంగా మడత పెట్టాను. ఒంటరిగానే వెళతానన్నాడు. సందు మలుపు తిరిగే దాకా చూసి లోపలికొచ్చాను. అప్పటి నుంచి ఏ పనీ చేతికి రావడం లేదు. వేడినీళ్లు పెట్టాను, మారుబట్టలు తీసి పెట్టాను, గుమ్మంలో కూచుని నీకు రాస్తున్నాను. వీధిలో ఏ చప్పుడైనా లేచి చూస్తున్నాను.

పోయినసారి అరగంటకే తిరిగొచ్చాడు. ఇప్పటికి గంటన్నర దాటింది వదినా. ఇంత ఆలస్యమైందంటే బాగానే ఉన్నాడనే కదా?

జాజియా